తప్పు లెక్క చుట్టూ ముగ్గురు టీచర్లు

గన్నవరంలో విమానం ఎక్కేనాటికి మా చింతలపూడి తోటల్లో మామిడి ఇంకా పూతకు రాలేదు. అధ్యయన యాత్ర కోసం సింగపూర్ వెళ్లిన మా ఉపాధ్యాయ బృందానికి మొదటి రెండు రోజులూ ఉపన్యాసాలతోనే సరిపోయింది. హోటల్ గదుల చలి నాకు అస్సలు పడలేదు. సెరంగూన్ రోడ్డులో 1947 నాటి కోమల విలాస్‌కు వెళ్లి వేడి ఇడ్లీ తిన్నాక ప్రాణం లేచొచ్చింది.

మూడో రోజు ఒక ప్రాథమిక పాఠశాలకు తీసుకెళ్లారు. నాకు ఆ యాత్ర అంటే ఆ బడే.

లెక్కల పీరియడ్. అన్న దగ్గర చెల్లెలికున్న స్టిక్కర్లకు మూడింతలున్నాయి, ఇద్దరివీ కలిపి 48. ఎవరికెన్ని? ఒక అబ్బాయి 48ని 3తో భాగించి చెల్లెలికి 16 అని రాశాడు. మా పిల్లలూ సరిగ్గా ఇక్కడే తప్పుతారు. నేనైతే ఎర్ర ఇంకుతో కొట్టేసి తర్వాతి పుస్తకం అందుకునేవాణ్ణి. ఆ టీచరమ్మ కొట్టెయ్యలేదు. చెల్లెలి వాటా ఒక గడిగా గియ్యమంది. గీశాడు. దాని కింద అన్నకు మూడు గడులు గీశాడు. మరి 48 ఎన్ని గడుల్లో ఉందని అడిగింది. వేలు పెట్టి లెక్కపెట్టుకుంటూ నాలుగో గడి దగ్గర ఆగిపోయాడు. ఒక్క క్షణం అలాగే చూసి, 16 చెరిపేసి 12 రాసుకున్నాడు.

1980ల్లో అక్కడి ఖో టెక్ హాంగ్ బృందం తెచ్చిన పద్ధతి ఇది. ముందు చేతికి అందే వస్తువు, తర్వాత బొమ్మ, ఆఖరున అంకె. బాగుంది, నేర్చుకున్నాను. కానీ నన్ను కదిలించింది బడి వదిలాక చూసిన దృశ్యం. ముగ్గురు టీచర్లు ఆ ఒక్క పుస్తకాన్ని ముందేసుకుని, మూడింతలు అనగానే పిల్లలు మూడుతో ఎందుకు భాగిస్తున్నారని ముప్పావుగంట మాట్లాడుకున్నారు. అక్కడ టీచరు నేర్చుకోవడానికి ఏడాదికి 100 గంటలు కేటాయిస్తారు. మా స్కూల్ కాంప్లెక్స్ మీటింగుల్లో రిజిస్టర్లు, యాప్‌ల గొడవ తేలేసరికే పొద్దు గుంకుతుంది. ఒక పిల్లవాడి తప్పు దగ్గర మేమెప్పుడూ ఇంతసేపు ఆగలేదు. ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు.

మిగతా రోజులు చూడటంలో, తిరగడంలో అయిపోయాయి.

సంక్రాంతి సెలవులయ్యేసరికి మా తోటలన్నీ పూత మీదున్నాయి. ఆరో తరగతిలో అదే లెక్క ఇచ్చాను: బంగినపల్లి చెట్లు చిన్నరసాలకు మూడింతలు, మొత్తం 48. వెనక బెంచీ అబ్బాయి, తోట కాపలాదారు కొడుకు, రసాలు 16 అని రాశాడు. సుద్దముక్క చేతికిచ్చాను. గడులకు బదులు చెట్లే గీశాడు. పైన ఒకటి, కింద మూడు. కాసేపు చూసి, "రసాల చెట్టు లెక్కలో ఎయ్యలేదండి" అన్నాడు.

సాయంత్రం ఆ 16 ఉన్న పుస్తకాన్ని పక్క గది మాస్టారికి చూపించాను. ఆయన కుర్చీ దగ్గరకు లాక్కుని, తన తరగతి పుస్తకాల కట్ట విప్పారు.