ఆఫ్రికా అడవికి ఏ బట్టలతో వెళ్లాలి?

ఉగాండా వెళ్లివచ్చామని తెలిసిన నాటి నుండి మమ్మల్ని సలహాలు అడిగేవారు ఎక్కువయ్యారు. మన జిల్లాల పిల్లలు కొందరు ఉద్యోగాల మీద, వ్యాపారాల మీద తూర్పు ఆఫ్రికా దేశాలలో ఉంటున్నారు. వారిని చూడడానికి వెళ్లే తల్లిదండ్రులు అక్కడి అడవి మృగాలను కూడా చూసి రావాలనుకోవడం సహజమే. వారు టిక్కెట్టు ధర తరువాత అడిగే ప్రశ్న ఇది: "సినిమాలలో చూపినట్లు ఆ పచ్చని మచ్చల మిలటరీ ప్యాంట్లు, టోపీలు కొనుక్కోవాలా? లేకపోతే మృగాలు మనల్ని చూసి పారిపోతాయేమో!"

మా జవాబు ఒక్కటే. వద్దు. వేసుకోవద్దు, పెట్టె అడుగున పెట్టి తీసుకువెళ్లనూ వద్దు. ఎందుకు వద్దో అక్కడ చూసినది, విన్నది చెబుతాము.

మృగాలు దేనిని చూస్తాయి?

కంపాలా నుండి ఉత్తరంగా గులు పట్టణానికి పోయే దారిలో జీవా అనే ఖడ్గమృగాల సంరక్షణ కేంద్రం ఉంది. ఉగాండా అడవులలో ఖడ్గమృగాలు 1980ల మొదట్లోనే వేటగాళ్ల చేతుల్లో అంతరించిపోయాయి. 2005 నుండి వేరే చోట్ల నుండి తెచ్చి ఇక్కడ మళ్లీ పెంచుతున్నారు. రాత్రింబగళ్లు తుపాకులతో కాపలా కాస్తారు. ఇక్కడ కాలినడకనే వెళ్లి వాటిని చూడాలి.

మోకాలెత్తు గడ్డిలో మా ముందు నడిచిన రేంజరు మా బట్టల వైపు ఒక్కసారి చూసి ఊరుకున్నాడు. ఎక్కువగా చూసినది గాలి వాటాన్ని. గుప్పెడు దుమ్ము తీసి వదిలి, అది ఎటు పోతుందో చూసి, మమ్మల్ని ఎదురుగాలి పక్కకు తిప్పి తీసుకువెళ్లాడు. ఖడ్గమృగానికి చూపు తక్కువ, వాసన, వినికిడి ఎక్కువ అని చెప్పాడు. మనిషి వాసన తగిలితే ఎంత మచ్చల చొక్కా వేసుకున్నా దాగలేడు. మాట్లాడకుండా, గుంపు చెదరకుండా నిలబడితే, మామూలు గోధుమరంగు చొక్కాతోనే ఒక తల్లిని, దాని పిల్లను చాలాసేపు చూడవచ్చు. మేము అలాగే చూశాము.

అక్కడి నుండి మర్చిసన్ ఫాల్స్ నేషనల్ పార్కుకు వెళ్లాము. ఉగాండాలో కెల్లా పెద్ద పార్కు అదే. అంత పెద్ద నైలు నది అక్కడ సుమారు 7 మీటర్ల రాతి సందులో ఇరుక్కుని 40 మీటర్లకు పైగా లోతుకు దూకుతుంది. ఆ హోరు కొండ కింద పడవలో ఉన్నవారికీ వినబడుతుంది. గడ్డి మైదానాలలో జిరాఫీలు, అడవి దున్నలు, కోబ్ అనే జింకలు మందలు మందలుగా ఉన్నాయి. అక్కడ చూసేది వ్యానులో నుండే. లోపల కూర్చున్నవారు ఏ రంగు వేసుకున్నా మృగాలకు పెద్ద పట్టింపు లేదు. వ్యానంతా వాటికి ఒకే ఆకారంగా కనబడుతుందంటారు. ఎవరైనా లేచి నిలబడినా, చేయి బయటపెట్టి ఊపినా, కేక వేసినా, ఆ ఆకారం చెదిరి వాటికి అనుమానం వస్తుంది.

జింకల వంటి గిట్టల జంతువులకు మనకున్నట్లు మూడు రకాల రంగుల చూపు లేదు, రెండు రకాలే. ఎరుపును మనలాగా గుర్తుపట్టలేవు. అలాగని బట్టను అవి అసలు గమనించవని కాదు. కెన్యాలోని అంబోసెలీలో ఏనుగుల మీద చేసిన ఒక పరిశోధన 2007లో వెలువడింది. ఏనుగులను ఈటెలతో పొడిచే అలవాటున్న మాసాయి యువకులు తొడిగిన బట్టను వాసన చూసినప్పుడు, సేద్యం చేసుకునే కంబా జాతివారి బట్టను వాసన చూసినప్పటికంటే అవి ఎక్కువగా భయపడి దూరం పరుగెత్తాయట. ఏ బట్ట వెనుక ఏ మనిషి ఉంటాడో ఏనుగు కూడా గుర్తుపెట్టుకుంటుంది. అలాంటప్పుడు మనుషులు గుర్తుపెట్టుకోరా?

మనుషులు దేనిని గుర్తుంచుకున్నారు?

ఉగాండాలో మిలటరీ బట్టలు, వాటిని పోలినవి సైన్యానికి మాత్రమే చెందినవి. మామూలు పౌరుని దగ్గర దొరికితే నేరం. 2019 సెప్టెంబరులో సైనిక దుస్తుల జాబితాను గెజిట్‌లో ప్రకటించినప్పుడు ఎర్ర టోపీని కూడా అందులో చేర్చారు. జింబాబ్వే, జాంబియా దేశాలలోనూ పౌరులు మచ్చల మిలటరీ బట్టలు వేసుకోకూడదు. చొక్కా, ప్యాంటు మాత్రమే అనుకోవద్దు. టోపీ, వీపు సంచీ, వానకోటు, చంటిపిల్లవాడి నిక్కరు సైతం చిక్కు తెచ్చిపెట్టగలవు. ఒక దేశంలో అంగట్లో అమ్మే వస్తువు సరిహద్దు దాటగానే నేరమై కూర్చుంటుంది.

ఇంత పట్టుదల ఎందుకని మేము మా వ్యాను డ్రైవరును అడిగాము. అతనిది గులు ప్రాంతం. 1971లో ఇదీ అమీన్ సైన్యంతో అధికారం పట్టుకున్నది మొదలు ఆ దేశం చాలాకాలం మిలటరీ బట్టల కింద నలిగింది. 1972లో మన దేశస్థులను 90 రోజుల గడువిచ్చి వెళ్లగొట్టినదీ ఆ ప్రభుత్వమే. 1979లో అతడు పడిపోయిన తరువాత కూడా సైనికులు పార్కులోని ఏనుగులను తుపాకులతో కాల్చి దంతాలు తీసుకుపోయారు. వేలల్లో ఉన్న ఏనుగులు వందలకు పడిపోయాయి. ఆ తరువాత 1980ల చివరి నుండి దాదాపు ఇరవై ఏళ్లు ఉత్తర ప్రాంతమంతా తిరుగుబాటుదారుల చేతిలో అల్లాడింది. వాళ్లు పిల్లలను ఎత్తుకుపోయి తుపాకులు పట్టించేవారు. వాళ్లలో చాలామంది తొడిగినవి కూడా సైనికుల బట్టలే.

తన చిన్నతనంలో చేలో దూరాన ఆ మచ్చల బట్ట కనబడితే, వచ్చేది సైన్యమో తిరుగుబాటుదారులో తెలిసేది కాదట. తెలుసుకోవడానికి ఆగేవారు కాదు, పరుగెత్తేవారు. పొద్దు గుంకేవేళకు పల్లెల పిల్లలు వేల సంఖ్యలో చాపలు చంకన పెట్టుకుని గులు పట్టణానికి నడిచి వెళ్లేవారు. దుకాణాల అరుగుల మీద, ఆసుపత్రి ఆవరణలలో, చర్చి ప్రాంగణాలలో పడుకుని, తెల్లవారి మళ్లీ ఇంటికి నడిచేవారు. అతనూ ఆ పిల్లలలో ఒకడే. ఈ సంగతి చెబుతున్నంతసేపూ అతను రోడ్డు మీద నుండి చూపు తిప్పలేదు.

అతనితోనే కదా మనం మూడు రోజులు ప్రయాణం చేసేది! దారిలో అరటిపండ్లు అమ్మే తల్లులు, గుడిసె ముందు చేతులూపే ముసలివారు, అందరూ ఆ రోజులు చూసినవారే. మనకు అది సరదా బట్ట. వారికి అది రాత్రిళ్లు నిద్ర పట్టనివ్వని బట్ట.

ఇది పరాయి దేశపు పట్టింపు అని తీసిపారేయనక్కరలేదు. 2016 జనవరిలో పఠాన్‌కోట్ వైమానిక స్థావరం మీద దాడి చేసినవారు మన సైన్యపు బట్టలతోనే వచ్చారు. పౌరులు అలాంటి బట్టలు వేసుకోవద్దని, దుకాణదారులు అమ్మవద్దని ఆ వెంటనే మన సైన్యం కూడా విజ్ఞప్తి చేసింది.

మరి ఏమి తీసుకువెళ్లాలి?

దుమ్ము రంగు, లేత గోధుమ, ఆకుపచ్చ వంటి ఏకరంగు నూలు బట్టలు చాలు. ఖాకీ అన్న మాటకు అర్థమే దుమ్ము రంగు. మన ఇళ్లలో ఉండే పాత చొక్కాలే సరిపోతాయి. తెలుపు మంచిదే గాని గంటలో ఎర్రమట్టి కొట్టుకుంటుంది. కాలినడకకు నిండు ప్యాంటు లేక సల్వారు, కాలంతా మూసే బూట్లు ఉండాలి. వ్యానులో స్త్రీలు ముతక చీరతో హాయిగా కూర్చోవచ్చు.

నీలం, నలుపు మానుకోండి. మర్చిసన్‌లో సెట్సీ ఈగలున్నాయి. అవి బట్ట మీద నుండి కూడా కుడతాయి, నిద్ర జబ్బును వ్యాపింపజేసేవీ అవే. వాటిని నీలం, నలుపు రంగులు ఆకర్షిస్తాయి. అందుకే ఆ ఈగలను చంపడానికి దారి పక్కన మందు పూసి కట్టే గుడ్డలు ఆ రంగులవే.

తెల్లవారుజామున వ్యాను కప్పు ఎత్తినప్పుడు చలి వేస్తుంది. ఒక స్వెట్టరు, ఎండకు అంచుల టోపీ ఉంచుకోండి. డబ్బు ఖర్చు చేయదలిస్తే బైనాక్యులర్స్ కొనండి, ఇంటిల్లిపాదికీ పనికివస్తుంది. ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు వేయించుకుని, ఆ కార్డును పాస్‌పోర్టుతో కలిపి పెట్టుకోండి. అది లేనిదే అక్కడ అడుగుపెట్టనివ్వరు, తిరిగి వచ్చేటప్పుడు మన దేశంలోనూ అడుగుతారు. మలేరియా మాత్రల సంగతి మీ డాక్టరును అడగండి.

చివరిగా, పెట్టె తాళం వేసే ముందు పిల్లల సంచులు ఒకసారి విప్పి చూడండి. మచ్చల టోపీ ఒకటి కనబడితే తీసి ఇంట్లోనే ఉంచండి. అక్కడ రోడ్డు పక్కన నిలబడి చేయి ఊపే పిల్లలు మీ వ్యానును చూసి పరుగెత్తుకుంటూ దగ్గరకు రావాలి గాని, దూరంగా పరుగెత్తకూడదు.