లెమ్మనేవాళ్లు నలుగురు

మేడ్చల్ నుంచి శామీర్‌పేటకు వెళ్లే దారిలో, ఒక వెంచర్ ప్రహరీకీ మోరీకీ మధ్య మిగిలిన సన్నటి జాగాలో పరదా డేరాలు వరసగా కనిపిస్తాయి. పాలమూరు నుంచి వచ్చిన కూలీ కుటుంబాలవి. నేను వెళ్లేసరికి పొద్దెక్కింది. పని చేయగలిగినవాళ్లంతా మేడ్చల్ అడ్డా మీదికి పోయారు. పిల్లల్ని కనిపెట్టుకుని ఒక పెద్దావిడ, బాలింతరాలైన ఆమె కోడలు ఉన్నారు.

డేరా లోపల నిలబడితే తల తగులుతుంది. బిల్డింగుల దగ్గర పారేసిన గ్రానైట్ ముక్కలు ఏరుకొచ్చి నేలంతా పరిచారు, వాన నీళ్లు ఊరినా పక్కబట్టలు తడవకుండా. మధ్య కర్రకు చేతికందే ఎత్తులో ఒక కవర్ వేలాడుతోంది. ఆధార్ కార్డులు, ఊళ్లో ఇచ్చిన ఉపాధి హామీ జాబ్‌కార్డు, చంటిదాని టీకాల కార్డు అందులో ఉన్నాయి. లెమ్మన్నప్పుడు ముందు తీసేది ఆ కవరే, గిన్నెలు ఆ తర్వాత.

“ఇల్లు లేనోళ్లం కాదు సారూ. ఊళ్లె ఇల్లున్నది, పని లేదు. ఈడ పనున్నది, ఇల్లు లేదు” అంది పెద్దావిడ. ఎవరు లేపుతారని అడిగాను. “ఎవలని ఎర్కైతది? ఒకపారి పోలీసోళ్లు, ఒకపారి జేసీబీ. ఎవలొచ్చినా ఒక్కటే మాట, లెవ్వుండ్రి అని.”

ఆమెకు తెలియని ఆ సంగతి కాగితాల్లో మాత్రం తేటగానే ఉంది. డేరా వేసిన నేలను బట్టి వచ్చే అధికారి మారతాడు. సర్కారు భూమైతే తహసీల్దార్ వస్తాడు, 1905 నాటి భూ ఆక్రమణల చట్టం కింద ఏడో సెక్షన్ నోటీసుతో. రోడ్డు అంచైతే మున్సిపల్ అధికారులు. చెరువు శిఖమైతే నీటిపారుదల శాఖ, ఔటర్ రింగ్ రోడ్డు లోపల 2024 జులై నుంచి దానికి తోడు ఆక్రమణలు తొలగించే హైడ్రా. పొట్టకూటికి సిగ్నల్ దగ్గర చెయ్యి చాస్తే పోలీసులు. అందుకు 1977 నాటి భిక్షాటన నిరోధక చట్టం ఉంది. 2017 నవంబర్‌లో ఇవాంకా ట్రంప్ హాజరైన పారిశ్రామికవేత్తల సదస్సుకు ముందు, హైదరాబాద్ పోలీస్ కమిషనర్ రెండు నెలల పాటు రోడ్ల మీద బిచ్చమెత్తడాన్ని నిషేధించారు. దొరికినవారిని చంచల్‌గూడ, చర్లపల్లి జైళ్ల ఆవరణల్లోని ఆశ్రమాలకు తరలించారు.

కోర్టు రక్షణ కూడా ఈ డేరాల దాకా రాదు. కూల్చే ముందు పదిహేను రోజుల నోటీసు ఇవ్వాలని 2024 నవంబర్ 13న సుప్రీంకోర్టు ఆదేశించింది. కానీ రోడ్డు, ఫుట్‌పాత్, రైలు పట్టాల పక్క, చెరువుల్లాంటి చోట్ల ఉన్న అనధికార కట్టడాలకు అది వర్తించదని ఆ తీర్పులోనే ఉంది. జాగా లేనివాడు డేరా వేసేది సరిగ్గా అలాంటి చోట్లే.

మరి ఎక్కడికి పోవాలి? ఆ ప్రశ్న పట్టుకుని అంతాయిపల్లిలోని జిల్లా కలెక్టరేట్‌కు వెళ్లాను. సోమవారం, ప్రజావాణి. పాస్‌బుక్కులు, పింఛన్లు, ఇళ్ల అర్జీలతో జనం కిటకిటలాడుతున్నారు. ఇందిరమ్మ పథకంలో 5 లక్షలు ఇచ్చేది సొంత జాగా ఉన్నవారికి. రాత్రి బస కావాలని ఎవరైనా రాయించుకుంటారా అని గేటు బయట అర్జీలు రాసే పెద్దమనిషిని అడిగాను. “రాస్త గని సార్, అడ్రస్ దగ్గర ఏం రాయమంటరు?” అన్నాడాయన.

బస చూపించే బాధ్యత లేకపోలేదు. లక్ష జనాభాకు ఒకటి చొప్పున, ఇరవై నాలుగు గంటలూ తెరిచి ఉండే షెల్టర్లు పెట్టాలని 2010లో సుప్రీంకోర్టు పెద్ద నగరాలకు చెప్పింది. జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ దాన్నే పథకంగా మలిచింది. మనిషికి 50 చదరపు అడుగులు, కుటుంబాలకు విడిగా బస అంది. 2011 జనగణన ప్రకారం జీహెచ్‌ఎంసీ జనాభా 67 లక్షలు. ఆ లెక్కన 67 షెల్టర్లు ఉండాలి. నడిచినవి అందులో కొద్ది భాగమే, అవీ పాత హద్దుల లోపలే. లక్ష జనం లేని మేడ్చల్‌ను ఆ లెక్క తాకనే లేదు. లెమ్మనడానికి అడ్డురాని జనాభా లెక్క, ఉండమనడానికి అడ్డొచ్చింది.

2025 డిసెంబర్‌లో మేడ్చల్, తూంకుంటలతో సహా ఔటర్ దాకా ఉన్న 27 పట్టణ సంస్థలు జీహెచ్‌ఎంసీలో కలిశాయి. కార్పొరేషన్ పేరూ హద్దులూ ఎలా మారినా ఇది మహానగరమే. ఇంటిపన్నుకూ పర్మిషన్లకూ మహానగరమైన చోటు బస దగ్గరికొచ్చేసరికి పల్లె కాకూడదు.

షెల్టర్ కడితే పోతారా అని డేరాలో కోడల్ని అడిగినప్పుడు, “అడ్డాకు ఎంత దూరం?” అని ఎదురు అడిగింది. 1985లో ఓల్గా టెల్లిస్ కేసులో సుప్రీంకోర్టు ఒప్పుకున్నదీ ఇదే. పేవ్‌మెంట్ మీద ఉండేవాళ్లు అక్కడ ఉండేది పని దగ్గర కాబట్టి, చోటు తీస్తే బతుకుతెరువు పోతుంది అని. కాబట్టి మొదటి షెల్టర్ రావాల్సింది అడ్డాకు నడిచి పోగలిగినంత దూరంలో, కుటుంబమంతా ఒక్కచోట ఉండేలా. అది తెరిచాకే ఏ శాఖైనా జేసీబీ తేవాలి.