గాజు రెక్కల వెనక

పబ్బుల మీద వ్యాసమా అని మన తెలుగు శాఖవారు కళ్ళద్దాలు సర్దుకుంటారేమో. కంగారు పడకండి. నేను త్రాగింది నారింజ రసమే, అదీ మా అల్లుడి ఖర్చుతో. రిటైరయ్యాక మా అమ్మాయి దగ్గర బర్మింగ్‌హామ్‌లో కొన్ని నెలలున్నాను. అక్కడ చూసినవాటిలో కోటలు, మ్యూజియాలు ఎప్పుడో మరుపున పడ్డాయి గాని, పాత పబ్బుల లోపలి గదులు మాత్రం ఇంకా కళ్ళకు కట్టినట్టే ఉన్నాయి.

పబ్బంటే మన సినిమాల్లో చూపించే రంగు దీపాల హాలు కాదు సుమా. విక్టోరియా రాణి కాలం చివర్లో కట్టినవాటిలో ఒకే కప్పు క్రింద మూడు నాలుగు గదులుండేవి. కూలీనాలీ చేసుకునేవాళ్ళకి పబ్లిక్ బారు: చెక్క బల్లలు, ఒట్టి నేల. కాస్త మంచి కోటు తొడుక్కున్నవాళ్ళకి సెలూన్ బారు: తివాచీ, మెత్తటి కుర్చీలు, అదే బీరుకి కొంచెం ఎక్కువ ధర. అది కాక స్మోక్ రూము. ఎవరి కంటా పడకుండా కూర్చోవాలంటే స్నగ్ అని ఒక బుల్లి గది. నలుగురూ ఒకే పీపాలోంచి వచ్చిన బీరే త్రాగుతారు గాని, ఒకరి మొహం ఒకరు చూడక్కర్లేదు.

ఆస్టన్ అనే పేటలో 1901లో పూర్తయిన బార్టన్స్ ఆర్మ్స్ చూసి నాకు నోట మాట రాలేదు. చుట్టుప్రక్కల పాత ఇళ్ళన్నీ పోయినా అది మాత్రం ఒంటరిగా మిగిలింది. గోడలంతటా మింటన్ హాలిన్స్ వారి రంగురంగుల టైల్సు. కౌంటరు మీద సరిగ్గా మొహం ఎత్తున చిన్న చిన్న గాజు రెక్కల వరుస. పువ్వులు, తీగలు చెక్కిన గాజు. ఒక్కో రెక్క ఇరుసు మీద తిరుగుతుంది. తిప్పి, కావలసింది అడిగి, మళ్ళీ మూసుకోవచ్చు. గ్లాసు నింపేవాడికీ, అవతలి గదిలోవాడికీ మీరెవరో తెలియదు. వీటికి స్నాబ్ స్క్రీన్లని పేరు. స్నాబ్ అంటే మన భాషలో డాబుసరి మనిషి. పేరు పెట్టినవాడెవరో గడుసువాడే!

ఇలాంటివి ఇంగ్లండు దేశమంతటా ఉండేవి. 1960లు, 70లలో పబ్బుల యజమానులైన బీరు కంపెనీలే గోడలు పగలగొట్టి అన్నిటినీ ఒకే హాలు చేసేశాయి. హాలయితే తక్కువమంది పనివాళ్ళతో సరిపోతుంది, ఎక్కువమంది జనం పడతారు. 1971లో పుట్టిన కామ్రా అనే బీరు ప్రియుల సంఘం మొదట మంచి బీరు కోసమే పోట్లాడినా, తర్వాత ఈ గదుల సంగతి కూడా పట్టించుకుంది. లోపలి అమరిక చెడకుండా మిగిలిన పబ్బులను వెదికి 1997లో జాబితా అచ్చువేసింది. వేలాది పబ్బుల్లో అందులోకెక్కినవి వందల్లోనే. లండన్‌లో కార్ల్‌టన్ టావర్న్‌ని 2015లో అనుమతి లేకుండా కూల్చేస్తే, మునిసిపాలిటీవారు ఉన్నదున్నట్టు మళ్ళీ కట్టమని పట్టుబట్టారు. 2021లో అది మళ్ళీ తెరుచుకుంది. మన దగ్గరైతే ఏదో జరిమానా కట్టేసి, ఐదంతస్తులు లేపి గృహప్రవేశానికి పిలిచేవాళ్ళం.

ఇంతవరకూ బాగానే ఉంది. బర్మింగ్‌హామ్ ప్రక్కనే స్మెథిక్ అని ఇనప ఫౌండ్రీల ఊరు. పంజాబు నుంచి వచ్చినవాళ్ళు వాటిలో చెమటోడ్చారు. 1960లలో అక్కడి కొన్ని పబ్బుల్లో వాళ్ళకి బారులోనే చోటు. స్మోక్ రూములో అడుగు పెట్టకూడదు. అవతార్ సింగ్ జౌహల్, ఇండియన్ వర్కర్స్ అసోసియేషన్‌వారు దాని మీద పోరాడారు. తెల్ల విద్యార్థులను వెంటబెట్టుకు వెళ్ళేవారట. విద్యార్థులు బీరు కొని వీళ్ళ చేతికివ్వడం, యజమాని అందరినీ బయటికి గెంటడం, ఆ గెంటుడునే సాక్ష్యంగా పట్టుకుని లైసెన్సుల కోర్టుకెక్కడం. మన యూనియన్ కుర్రాళ్ళు గమనించాలి. 1965 ఫిబ్రవరిలో మాల్కమ్ ఎక్స్ వాళ్ళ పిలుపు మీద వచ్చి, బ్లూ గేట్స్ అనే పబ్బులో ఆ రంగు గీతను స్వయంగా చూశాడు. తొమ్మిది రోజులకే న్యూయార్కులో ఆయన్ని కాల్చి చంపారు. ఆ ఏడాదే అక్కడ పార్లమెంటు అలాంటి వివక్ష చట్టవిరుద్ధమంది.

ఇది తెలిశాక ఆ గాజు రెక్కలు నాకు మునుపటిలా కనిపించలేదు. మా అమ్మాయైతే, "మనుషుల్ని విడదియ్యడానికి కట్టిన గోడల్ని కాపాడ్డమేంటి నాన్నా? కంపెనీలు పడగొట్టి మంచిపనే చేశాయి" అంది.

నేనొప్పుకోలేదు. వాళ్ళు గోడ కొట్టింది సమానత్వం కోసమా? గల్లాపెట్టె కోసం. పైగా ఆ హాల్లో ఇప్పుడు నుంచుంటే ఎవరు ఎవర్ని ఎక్కడ ఆపారో తెలిసే వీలే లేదు. గదులుంటేనే గుమ్మం కనిపిస్తుంది, గుమ్మం దగ్గర ఆగిపోయినవాడు గుర్తొస్తాడు. టైల్సు అందం కోసం ఉంచినా సరే, ఏదో ఒక వంకన ఉంచాలి. ఆ గుమ్మం ప్రక్కన నాలుగు ముక్కలు వ్రాసి తగిలించాలి కూడా.

"మన ఊరి టీ హోటలూ అలాగే దాచిపెట్టమంటావా?" అంది మా అమ్మాయి. నన్ను ఎక్కడ పొడవాలో దానికి తెలుసు.

మా ఊళ్ళో, నా చిన్నతనంలో, టీ హోటలు లోపల బల్ల మీద గాజు గ్లాసులు మాకు. బయట చూరు క్రింద వేరే గ్లాసులు పేటవాళ్ళకి. టీ పైనుంచి పోసేవారు. త్రాగి, గ్లాసు వాళ్ళే కడిగి, మళ్ళీ అక్కడే బోర్లించి పోవాలి. బల్ల మీద కూర్చుని నేను రోజూ చూసిన దృశ్యమే.

ఆ హోటలు ఇప్పుడు లేదు. ఆ చోట సెల్‌ఫోన్ల కొట్టు పెట్టారు. చూరూ పోయింది, గ్లాసులూ పోయాయి, వాటికి ఒక ఫోటో అయినా లేదు. మొన్న సంక్రాంతికి మా అన్నయ్య మనవడికి ఈ సంగతి చెబుతుంటే నవ్వాడు. "ఊరుకో తాతయ్యా, మన ఊళ్ళో అలాంటివెప్పుడూ లేవంట, నాన్న చెప్పాడు" అన్నాడు.