కుండ తప్ప

మాతృదినోత్సవానికి సంచిక వేస్తున్నాం, తల్లీ కూతుళ్ళు కలిసి వండుకుని తినే ఇల్లొకటి చూసి రాయండి, కాస్త తియ్యగా ఉండాలి అని సంపాదకులు ఫోను చేశారు. తియ్యగా అనేసరికి నాకు ఆత్రేయపురం తట్టింది. మా ఆడపడుచు మెట్టినిల్లు ఆ పక్కనే, ర్యాలి. ఆవిణ్ణి అడిగితే, "రేకులు తీసే ఆవిడ ఒకామె ఉంది వదినా. ఇద్దరాడపిల్లలు. ఆదివారం వచ్చిందంటే వాళ్ళింట్లో ఏం వండుతారో వాళ్ళకే తెలీదు. వెళ్ళు గానీ, ఉత్త చేతుల్తో మాత్రం వెళ్ళకు" అంది. నేను కిలో ద్రాక్షపళ్ళు కొనుక్కుని వెళ్ళాను. ఆవిడ చెప్పింది పళ్ళ సంగతి కాదని అక్కడికి వెళ్ళాక గానీ తెలియలేదు.

రాజమహేంద్రవరంలో బస్సెక్కి, ధవళేశ్వరం ఆనకట్ట దాటి, బొబ్బర్లంక నుంచి కాలవ గట్టు పట్టుకుని పోతుంటే ఊరికన్నా ముందు పూతరేకుల కొట్లు ఎదురొస్తాయి. కొన్నిటి ముందు బోర్లించిన కుండ, కుండ ముందో ఆడమనిషి, ఆవిడ ముందు కార్లు దిగి సెల్లు పట్టుకు నిలబడ్డ జనం. "ఇంకోసారి తియ్యమ్మా, సరిగా రాలేదు" అంటున్నాడొకాయన. సరిగా రానిది ఆయన వీడియో. రేకు బంగారంలా వచ్చింది. నాకు ఒళ్ళు మండింది. నేనూ అదే పని మీద వచ్చానని గుర్తొచ్చాక ఇంకాస్త మండింది.

ఆమె ఇల్లు ఆ కొట్ల వెనక వీధిలో. వసారా పక్కన కొబ్బరాకు పాక దించి అందులో పొయ్యి పెట్టుకుంది. ఎదురింటి డాబా మీద చాపల నిండా మామిడి తాండ్ర ఎండుతోంది. ఒక వైపు నుంచి ఆ పులుపు, ఇంకో వైపు నుంచి ఈ పొగ. ఏప్రిల్ ఆఖరి వారం, పదకొండు గంటల ఎండ. నన్ను చూసి కాలితో పీట జరిపింది గానీ చెయ్యి ఆపలేదు. మధ్యలో ఆపితే కుండ చల్లారుతుంది, లేదా మరీ కాగుతుంది. ఎటైనా రేకు చెడుతుంది.

ఆ చేతుల దగ్గరే నేను గంటకు పైగా ఉండిపోయాను. పక్కన బేసిన్లో జయ బియ్యం నానబోసి రుబ్బి, పాలకన్నా పలచగా కలిపిన పిండినీళ్ళు. చేతిరుమాలుకన్నా కొంచెం పెద్ద నూలుగుడ్డ, కడిగి కడిగి సాలెగూడంత పలచనైనది. దాని రెండు కొసలూ పట్టుకుని పిండినీళ్ళలో ముంచుతుంది, బేసిను అంచుకి ఒకసారి ఆనించి ఎక్కువ నీళ్ళు జారనిస్తుంది, కుండ వీపు మీద పరిచి తన వైపు లాగేస్తుంది. గుడ్డ వెళ్ళిన దారంతా తెల్లటి పొర. నేను 'అబ్బ' అనేలోపు ఆ పొర అంచు లేస్తుంది. ఆ లేచిన అంచుని గోటితో కాకుండా వేలి మెత్తతో పట్టి ఒలిచి పక్కన పెడుతుంది. మళ్ళీ ముంచుడు. మధ్య మధ్య ఎడమ చేత్తో చూడకుండానే ఎండుకొబ్బరాకు విరిచి మంటలోకి తోస్తుంది. ఒక్కసారి కూడా ఆకు ఎక్కడుందా అని తల తిప్పలేదు. గ్యాసు మీద పెట్టుకోకూడదా అంటే, "గేసు మంట ఒక్కచోటే పొడుత్తాదండీ. ఆకు మంట కుండని వాటేసుకుంటాది" అంది.

పొద్దున్న ఐదింటికి కూర్చుంటే మధ్యాహ్నానికి మూడు వందల పైచిలుకు రేకులు. వందకింత అని లెక్క. ఎంతో చెప్పింది, మళ్ళీ వెంటనే రాయొద్దంది. కొట్టాయన మీ పత్రిక తెప్పిస్తాడండీ అంది. అందుకని రాయడం లేదు. ఆ అంకె విన్నాక మాత్రం కిలో ద్రాక్షపళ్ళు నా చేతిలో బరువయ్యాయి.

ఆ వేళ్ళ గురించి ఇంకొకటి చెప్పాలి. కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ అద్దంలా నున్నగా ఉన్నాయి. రేషను దుకాణంలో మిషను ఆ వేళ్ళని గుర్తుపట్టదట. ఎన్నిసార్లు పెట్టినా ఎర్రదీపమే. ఇప్పుడు పెద్దమ్మాయి వచ్చి వేలు పెడితేనే బియ్యం. "నా వేలు నన్నెరగదు" అని నవ్వింది. నవ్వి, మరో రేకు ఒలిచింది.

ఆమె ఈ ఊరి పిల్ల కాదు. పుట్టిల్లు గోకవరం అవతల, మన్యం అంచు. పెళ్ళయ్యేదాకా పూతరేకు తినడమే తప్ప పుట్టుక చూసింది లేదు. అత్తగారు కుండ ముందు కూర్చోబెడితే మొదటి నెలంతా చిరుగులే. ఆ చిరుగుల మీద వేడి పాలు పోసి, బెల్లం చిదిపి పెట్టేదట అత్తగారు. "నువ్వు పాడుచేసింది నువ్వే తిను" అనేదట. అదే తర్వాత ఈ పిల్లలకి పొద్దుటి పలహారం అయింది. పెద్దమ్మాయి రాజమహేంద్రవరంలో డిగ్రీ రెండో ఏడు, చిన్నది పదోతరగతి పరీక్షలు రాసి ఇంట్లో ఉంది. చిన్నదాని లెక్కలో ప్రపంచంలో తినదగ్గవాటిలో పాలలో నానిన ముక్కరేకులది మొదటి స్థానం, మామిడి రసంలో నానినవాటిది రెండో స్థానం.

సోమవారం నుంచి శనివారం దాకా ఆ ఇంట్లో వంటంటే అన్నం, పప్పు, ఏదో ఒక పులుసు. ఆదివారం కుండ బోర్లించరు. ఆ రోజు ముగ్గురూ కలిసి ఎప్పుడూ తిననిది ఏదో ఒకటి వండాలి. ఎనిమిదేళ్ళుగా ఇదే నియమం. వాళ్ళాయన లారీ మీద వెళ్ళి నెలకోసారి వస్తాడు. ఆయన వచ్చిన ఆదివారం మాత్రం కోడికూర, ప్రయోగాలు బంద్.

"యానాం బస్సు సంగతి చెప్పమ్మా" అని చిన్నది ఎగిరింది. కార్తికమాసం, చీరమీను కాలం. చీరలు పెట్టి పట్టే ఆ సన్నచేపపిల్లలు యానాంలో కొలిచి అమ్ముతారని ఎవరో చెప్పగా, ముగ్గురూ రావులపాలెం, అమలాపురం మీదుగా బస్సులు మారుకుంటూ పోయారు. స్టీలు డబ్బాలో కొనుక్కుని తిరుగుబస్సు ఎక్కితే, ఎదుర్లంక వంతెన దాటకముందే డబ్బా కారడం మొదలుపెట్టింది. కండక్టరు ముక్కు ఎగబీల్చి, "ఎవరండీ అది?" అన్నాడు. తల్లి కిటికీలోంచి గోదారిని చూస్తూ కూర్చుంది. పెద్దది పుస్తకం తీసింది. చిన్నది మాత్రం, "మాదేనండీ, గారెలు వేత్తాం, రండి" అంది. కండక్టరు నవ్వి వదిలేశాడు. ఆ రాత్రి సగం చింతపండు వేసి ఇగురు, సగం శనగపప్పు రుబ్బి గారెలు. తల్లి ఈ కథ చెబుతున్నంతసేపూ పిల్లలిద్దరూ ఆమెకన్నా అరక్షణం ముందు నవ్వారు.

వానాకాలంలో పుట్టింటి నుంచి వెదురు కొమ్ములు తెప్పిస్తుంది. లేత కొమ్ము సన్నగా తరిగి, ఉడికించి ఆ నీళ్ళు పారబోసి, మళ్ళీ ఉడికించి పిండితే గానీ చేదు వదలదు. ఆ వాసనకి పెద్దమ్మాయి మొదటిసారి వీధిలోకి పారిపోయిందట. ఇప్పుడు హాస్టలు నుంచి ఫోను చేసి కొమ్ములు వచ్చాయా అని అడుగుతుంది. ఒకసారి పనసపొట్టుకి ఆవపెట్టి, దాన్ని రేకులో చుట్టి తిన్నారు. "నోట్లో ముందు కాగితం, తర్వాత నిప్పు" అంది చిన్నది. ఇంకోసారి తల్లి సంతకి వెళ్ళినప్పుడు ఆ చిన్నదే మైదాపిండి జారుగా కలిపి రేకుల కుండ మీద పోసింది. పిజ్జా చేద్దామని. అంటుకుపోయింది. గీకితే కుండ గీతలు పడింది. గీత పడ్డ కుండ మీద రేకు లేవదు. ఆ రోజు దెబ్బలు పడ్డాయని ముగ్గురూ ఒప్పుకున్నారు.

పిజ్జా తర్వాతే ఆమె తేల్చి చెప్పేసిందట. "ఏం కావాలన్నా నేర్పుతాను. కుండ తప్ప."

నేను విన్నది సరిగానే విన్నానా అనుకున్నాను. కొమ్ముల కూర నేర్పింది, చీరమీను నేర్పింది, ఆవపెట్టడం నేర్పింది. ఊరిని ఊరుగా నిలబెట్టిన ఒక్క పనీ నేర్పనంటోంది. చిన్నదానికి అది నేర్చుకోవాలని మహా ఇష్టం. పొయ్యి దగ్గరికి జరుగుతుంటే తల్లి మోచేత్తో వెనక్కి నెట్టడం నేనే రెండుసార్లు చూశాను.

ఇంతలో రేకులు పట్టుకెళ్ళడానికి ఓ పెద్దావిడ బుట్టతో వచ్చింది. ఆవిడా ఒకప్పుడు కుండ ముందు కూర్చున్నదే. కళ్ళు మసకేశాక ఇప్పుడు మోత పని. రేకులు లెక్కపెడుతూ, ఎవరితోనూ కాదన్నట్టు అంది: "డబ్బా మీద కుండ బొమ్మేశారు, కాలవ బొమ్మేశారు, జీడిపప్పు బొమ్మేశారు. మొన్న చూత్తే చెయ్యి కూడా వేశారు. గాజులేసుకున్న తెల్లటి చెయ్యి. ఎవరిదమ్మా అది? ఈ వీధిలో అలాంటి చెయ్యి నాకెక్కడా అవపడలేదు."

2023లో ఆత్రేయపురం పూతరేకులకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. తిరుపతి లడ్డు, బందరు లడ్డు వరసలో చేరాయి. దరఖాస్తు పెట్టిన తయారీదారుల సంఘం కాటన్ దొర పేరు పెట్టుకుంది. దానికి నాకేం పేచీ లేదు. ఆనకట్ట కట్టబట్టే ఇక్కడ ఇంత వరి, ఇంత బియ్యం. ఈ గుర్తింపు వల్ల ఇంకో ఊరివాళ్ళు ఆ పేరు వాడుకోలేరు, అదీ మంచిదే. కానీ ఆ చట్టం కాపాడేది పేరుని. నెయ్యి, బెల్లం, బాదం, ఏలకులు, అట్టపెట్టె, కొరియరు, వీటన్నిటికీ ధర పెరిగినప్పుడల్లా డబ్బా ధర పెరిగింది. అసలు రేకు తీసినదానికి ఎంత పెరిగిందో ఆమె చెప్పింది, నేను రాయనన్నాను కదా.

మనలాంటివాళ్ళం ఇలాంటి ఊళ్ళకి వెళ్ళొచ్చి 'కళ అంతరించిపోతోంది' అని రాస్తాం. నేను కూడా రాశాను, వేరే ఊళ్ళ గురించి, సిగ్గులేకుండా. ఆ కళ బతకాలంటే ఎవరో ఒకరి కూతురు పొద్దున్నే ఐదింటికి ఆ పొగలో కూర్చోవాలి. ఆ ఎవరో మన కూతురు కాదన్నది మనకి ముందే రూఢి. మా అమ్మాయి బెంగళూరులో ఉంటుంది. దాన్ని నేను పొయ్యి దగ్గరికి పిలిచిన రోజు ఒక్కటి కూడా గుర్తులేదు. చదువుకో అన్నాను. ఈమె అంటున్నదీ అదే. నేనంటే ముందుచూపు, ఈమె అంటే కళకి ద్రోహమూనా? ఆ పాకకి పొగగొట్టం కట్టించి, వందకిచ్చేది మనిషికిచ్చేలా ఇస్తే ఆ మోచెయ్యి కాస్త సడలుతుందేమో. పుస్తకంలో రాసిపెట్టడానికి ఇందులో ఏముంది, బియ్యమూ నీళ్ళూ. మిగతాదంతా ఆమె పక్కన కూర్చుంటేనే వస్తుంది.

అన్నాలు తిన్నాక చిన్నది లాంగ్‌నోట్సు పట్టుకొచ్చి నా ముందు కూర్చుంది. ఇంటికెవరొచ్చినా ఒక వంట చెప్పి వెళ్ళాలట. అదే ఇక్కడి కానుక. మా ఆడపడుచు ఉత్త చేతులన్నది దీని గురించన్న మాట. ఆవిడ ఇచ్చింది తొమ్మిదో పేజీలో ఉంది, కంద బచ్చలి.

"మాది ఉయ్యూరు వైపు. ఉలవచారు రాసుకో" అన్నాను ధీమాగా. ఉలవలు రాత్రి నానబోయాలి. ఒకటికి పది నీళ్ళు పోసి ఉడికించాలి. ఉడికిన ఉలవలు గేదెకి, ఆ నీళ్ళు మనకి. చింతపండు రసం పోసి సన్నమంట మీద మరిగించాలి. తాలింపు పెట్టి, మీగడతో తినాలి.

"ఎంతసేపు మరగాలండీ?"

"చిక్కబడేదాకా."

"ఎంత చిక్కగా? గరిటె ఎత్తితే ఎలా జారాలి?" ఈసారి అడిగింది తల్లి. పొయ్యి ఆర్పుతూ అడిగింది.

మా అమ్మ పోయి ఆరేళ్ళు. ఉలవచారు నేను సీసాలో కొనుక్కుంటాను. పెరట్లో దాలి గుంట మీద సాయంత్రం దాకా ఆ కుండ మరుగుతుంటే వాసన బడి దాకా వచ్చేది, అంతవరకూ గుర్తుంది. మూత తీసి చూసింది ఎన్నడూ లేదు. "మీకే తెలుస్తుందిలే" అని తప్పించుకున్నాను. చిన్నది 'ఎంతసేపు' దగ్గర ఒక గీత గీసి ఖాళీ వదిలింది.

ఆదివారం మధ్యాహ్నం ఫోను మోగింది. వెనకాల గిన్నెల చప్పుడు, పెద్దది ఎందుకో కేకలు. "అడుగంటిందండీ" అంది చిన్నది, ఏమాత్రం బాధ లేకుండా. తల్లి ఫోను లాక్కుంది.

"అక్కగారండీ, రుచొచ్చింది గానీ ఎక్కడో చిన్న తేడా కొడుతుంది. మీ అమ్మగారు చింతపండు ముందే వేసేసేవోరా, సగం మరిగాక వేసేవోరా?"

"సగం మరిగాక" అన్నాను.

"ఆయ్, అదీ సంగతి" అందామె, చాలా సంతోషంగా. "రాయవే, సగం మరిగాక."

నాకు తెలియదు.