అమెరికాలో నేను చూసిన ఒక వేలంపాట

వేలంపాట అనగానే మన ఊళ్ల నుంచి వచ్చిన పిల్లలకు ఏం గుర్తొస్తుంది? చెరువులో చేపల పాట, చింతచెట్ల పాట, అంగడి పాట, మార్కెట్ యార్డులో మిర్చి బస్తాల పాట. కొంచెం పెద్దవాళ్లకైతే 1993కు ముందు జరిగిన సారా పాటలు కూడా గుర్తుండే ఉంటాయి. హైదరాబాదు పక్కన బాలాపూర్‌లో గణేశుని లడ్డూ పాట సంగతి పేపర్లో చదవనివాళ్లు లేరు. 1994లో 450 రూపాయలతో మొదలైన ఆ పాట 2024లో 30 లక్షల ఒక వెయ్యి రూపాయలకు చేరింది.

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్లు ఫోన్ చేసినప్పుడు, అమెరికా గురించి రాయమన్నారు. ఎత్తైన భవనాల గురించి, మంచు గురించి మీరు సినిమాల్లో చూసే ఉంటారు. అందుకని నేను అక్కడ చూసిన ఒక వేలంపాట గురించి రాస్తున్నాను. అది మనకు పనికొస్తుందని నా నమ్మకం.

2023 వేసవిలో, మేరీల్యాండ్ రాష్ట్రంలోని బాల్టిమోర్ నగరానికి దగ్గర్లో ఒక హోటల్లో టీవీ సీరియల్ అభిమానుల సభ జరిగింది. దాన్ని వాళ్లు కన్వెన్షన్ అంటారు. ఎక్కువమంది వచ్చింది 'స్టార్ ట్రెక్' అనే సీరియల్ కోసం. నన్ను తీసుకెళ్లింది మా ఆఫీసులో పనిచేసే ఒక నల్లజాతి ఆవిడ. వయసులో నాకంటే పదేళ్లు పెద్ద. అక్కడ అందరినీ పేరు పెట్టే పిలుస్తారు గానీ, నేను మాత్రం మనసులో అక్క అనే అనుకుంటాను.

ముందు ఈ స్టార్ ట్రెక్ సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. వేరువేరు జాతుల, దేశాల మనుషులు ఒకే అంతరిక్ష నౌకలో కలిసి ప్రయాణం చేసే కథ ఇది. 1966 నుంచి 1969 దాకా 79 భాగాలు వచ్చాయి. చూసేవాళ్లు తక్కువని ఆపేయబోతే అభిమానులు కుప్పలుతెప్పలుగా ఉత్తరాలు రాసి మూడో సంవత్సరం నడిచేటట్టు చేశారు. 1972 జనవరిలో న్యూయార్క్‌లో అభిమానులు సభ పెడితే, కొన్ని వందలమంది వస్తారనుకున్న చోటికి మూడు వేలకు పైగా వచ్చారు. అప్పటినుంచి ఈ సభలు ఆగలేదు. 1976లో అమెరికా తన మొదటి స్పేస్ షటిల్‌కు ఆ సీరియల్‌లోని నౌక పేరే, 'ఎంటర్‌ప్రైజ్' అని పెట్టింది. దానికి కారణం కూడా అభిమానుల ఉత్తరాలే.

మన దగ్గర అభిమాన సంఘాలంటే కటౌట్లు, పాలాభిషేకాలే అని ఎగతాళి చేస్తారు. కానీ 1998లో పెట్టిన చిరంజీవి బ్లడ్ బ్యాంకులో రక్తం ఇచ్చినవాళ్లు కూడా ఆ అభిమానులే. అభిమానం పిచ్చిదే కావచ్చు, దానికొక దారి చూపిస్తే అది పనిచేస్తుంది. ఆ హోటల్లో నాకు మళ్లీ కనిపించింది ఇదే.

లోపలికి పోగానే నాకు నవ్వాగలేదు. అరవై ఏళ్ల పెద్దమనిషి చెవులకు మొనదేలిన రబ్బరు చెవులు తగిలించుకుని టీ తాగుతున్నాడు. ఒకామె నుదురంతా ఎముకలు పొడుచుకొచ్చినట్టు వేషం వేసుకుని పసిపిల్లకు పాలసీసా పడుతోంది. ఎవరూ ఎవరినీ వింతగా చూడటం లేదు. మన ఊళ్లో పగటి వేషగాళ్లు వచ్చినప్పుడు ఊరంతా వాళ్ల చుట్టూ చేరేది. ఇక్కడ ఊరంతా వేషగాళ్లే!

సాయంత్రం వేలంపాట. వచ్చిన డబ్బు మొత్తం ఆ ఊళ్లో పేదలకు తిండి గింజలు, సరుకులు ఇచ్చే ఒక ఆహార బ్యాంకుకు. పద్ధతి ఇలా ఉంది. తలుపు దగ్గర పేరు రాయించుకుంటే నంబరు రాసిన అట్ట ఇస్తారు. చిన్న వస్తువులు బల్లల మీద పెట్టి, పక్కన ఒక కాగితం ఉంచుతారు. కావలసినవాళ్లు తమ నంబరు, ధర రాసి వెళతారు. తరువాత వచ్చినవాళ్లు దానికంటే ఎక్కువ రాయాలి. గంట కొట్టేసరికి కాగితంలో చివర ఉన్న నంబరుదే ఆ వస్తువు. దీన్ని వాళ్లు మౌన వేలం అంటారు. పెద్ద వస్తువులకు మాత్రం మన పాట లాగే: ఒకటోసారి, రెండోసారి, మూడోసారి. పాట పాడించేవాడు జీతగాడు కాదు, అభిమానుల్లో ఒకడే. వస్తువులన్నీ ఎవరో ఒకరు ఉచితంగా ఇచ్చినవే.

ఇంకొక సంగతి కూడా తెలుసుకున్నాను. అమెరికాలో ఇలాంటి పాటలో మనం ఇచ్చిన డబ్బంతా దానం కింద లెక్కకు రాదు. వస్తువు బజారు వెల కంటే ఎక్కువ ఇచ్చిన మొత్తానికే పన్ను మినహాయింపు. పది డాలర్ల వస్తువుకు యాభై ఇస్తే నలభై దానం. ఎంత కొన్నాం, ఎంత ఇచ్చాం అనే లెక్క అలా తేలిపోతుంది.

ఈ సీరియల్ వాళ్లకు వేలం వేయడానికి ఏదైనా ఒకటే. అందులో కెప్టెన్ వేషం వేసిన విలియం షాట్నర్ 2006లో తన కిడ్నీలో పుట్టిన రాయిని ఒక కంపెనీకి 25,000 డాలర్లకు అమ్మి, ఆ డబ్బును పేదలకు ఇళ్లు కట్టే 'హ్యాబిటాట్ ఫర్ హ్యుమానిటీ' సంస్థకు ఇచ్చాడు. ఈ మాట మా పక్క సీటాయన చెబితే నేను నమ్మలేదు. తరువాత చూస్తే నిజమే!

పాటలో నన్ను కదిలించిన వస్తువులు రెండు.

మొదటిది 1968లో బడిపిల్లల కోసం అమ్మిన రేకు భోజనం డబ్బా. పైన అంతరిక్ష నౌక బొమ్మ. రంగు పోయింది, ఒక మూల సొట్ట. మూత లోపల ఎవరో పిల్లవాడు మేకుతో తన పేరు గీకుకున్నాడు. అది చూడగానే నాకు మన హాస్టల్ పళ్లేలు కళ్లముందు మెదిలాయి. పళ్లెం మారిపోకుండా మనం కూడా మేకుతోనే కదా పేరు గీకుకునేవాళ్లం! అట్లా గీతలు పడితే బజారులో ధర తగ్గుతుందట. కానీ ఆ హాలులో పాట పాడించేవాడు మూత తెరిచి ఆ గీతలు చూపించగానే ధర పెరిగింది. నేను అరవై డాలర్ల దాకా పాడాను. చివరికి మూడు వందల పైచిలుకుకు పోయింది.

రెండోది నిచెల్ నికోల్స్ అనే నటి సంతకం చేసిన ఫోటో. ఆమె 2022 జూలై 30న చనిపోయింది. స్టార్ ట్రెక్‌లో ఉహురా అనే అధికారి వేషం ఆమెది. ఆ రోజుల్లో టీవీలో నల్లజాతి స్త్రీకి ఎక్కువగా దొరికేది పనిమనిషి వేషమే. మొదటి ఏడాది తరువాత నాటకరంగంలోకి పోదామని ఆమె రాజీనామా ఇచ్చింది. అప్పుడే ఒక సభలో మార్టిన్ లూథర్ కింగ్ కలిసి, నేను మీ అభిమానిని, మీరు ఆ స్థానం వదలకూడదు అని చెప్పాడట. ఆమె ఆగిపోయింది. ఈ సంగతి ఆమే చాలాసార్లు చెప్పింది. 1977లో నాసా ఆమెతో ప్రచారం చేయించి స్త్రీలను, నల్లజాతివాళ్లను వ్యోమగాములుగా దరఖాస్తు చేయమని పిలిచింది. చిన్నప్పుడు ఉహురాను చూసి పెరిగిన మే జెమిసన్ 1992లో అంతరిక్షంలోకి వెళ్లిన మొదటి నల్లజాతి మహిళ అయింది.

మా ఆఫీసు అక్క ఆ ఫోటో కోసమే వచ్చింది. వాళ్లమ్మ రెండు చోట్ల పనిచేసేదట. ఆ సీరియల్ వచ్చే గంట మాత్రం కూర్చునేదట. పిల్లలకు అమ్మ కూర్చోవడం కనిపించింది ఆ ఒక్క గంటేనట. ఆమె పాట మొదలుపెట్టింది. వెనక వరుస నుంచి ఒక కుర్రవాడు పోటీకి వచ్చాడు. నూట నలభై, నూట అరవై, నూట తొంభై. ఆమె రెండు వందలు అంది. కుర్రవాడు అట్ట దించి, లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. హాలంతా కొట్టింది.

అప్పుడు నాకు మా నాయన గుర్తొచ్చాడు. మా ఊళ్లో చేపల పాటకైనా, చింతచెట్ల పాటకైనా ముందురోజు డప్పు కొట్టి చాటింపు వేసేది ఆయనే. ఆయన డప్పు మోగితేనే పాట జరిగేది. కానీ ఆ పాటలో మా నాయన గొంతు ఏనాడూ వినబడలేదు. పాడేవాళ్లు రచ్చకట్ట మీద, ఆయన కింద దూరంగా. పెద్దలు ముందే కూడబలుక్కుని తక్కువకు కొట్టేసుకునేవాళ్లు. మాట కుదరని సంవత్సరం ఓడినవాడు గెలిచినవాడితో ఏడాదిపాటు మాట్లాడేవాడు కాదు. ఈ హాలులో మాత్రం ఓడిన కుర్రవాడు చప్పట్లు కొట్టాడు. ఎందుకంటే అతను పోటీకి రాబట్టే ఆ ఫోటోకు రెండు వందలు వచ్చింది. జేబులోంచి రూపాయి తీయకపోయినా దానంలో అతనికీ వాటా ఉంది. నా అరవై డాలర్ల పాటకు కూడా అంతే.

తిరుగు దారిలో అక్కకు మా నాయన సంగతి, మన హాస్టల్ సంగతి చెప్పాను. ఆమె కొంతసేపు మాట్లాడలేదు. తరువాత, 1959లో కింగ్ ఇండియాకు వచ్చినప్పుడు తిరువనంతపురంలో ఒక బడిలో ఆయనను అమెరికా నుంచి వచ్చిన అంటరానివాడు అని పిల్లలకు పరిచయం చేశారని, మొదట నొచ్చుకున్నా, ఆలోచించాక అది నిజమేనని ఆయనే చెప్పుకున్నాడని ఆమే నాకు చెప్పింది.

ఆ రోజు మొత్తం వసూలు నాలుగు వేల డాలర్లు దాటింది. ఆహార బ్యాంకు తరఫున ఒకాయన వచ్చి, దానితో ఏమేం కొంటారో రెండు నిమిషాలు చెప్పి దిగిపోయాడు. తిండి తీసుకునేవాళ్లను ఒక్కరిని కూడా వేదిక మీదికి పిలవలేదు.

తమ్ముళ్లారా, ఇది చిన్న విషయం కాదు. నేను ఏడో తరగతిలో ఉండగా ఒక దాత మన హాస్టల్‌కు దుప్పట్లు ఇచ్చాడు. మంచి మనసుతోనే ఇచ్చాడు, దుప్పటి వెచ్చగానే ఉండేది. కానీ ఆ రోజు ఎండలో రెండు గంటలు వరుసలో నిలబడ్డాం. ఒక్కొక్కరం దుప్పటి ఛాతీకి ఎత్తిపట్టుకుని ఫోటో దిగాం. ఆ ఫోటోలో మా మొహాలు ఎట్లా ఉన్నాయో మాలో ఎవరూ చూడదలచుకోలేదు. ఇచ్చినవాడికి పేరు కావాలంటే తీసుకునేవాడి తల వంచాల్సిన పనిలేదని నాకు ఆ వేలంపాట చూపించింది. అక్కడ ఇచ్చినవాడు తనకు ఇష్టమైన వస్తువుతో ఇంటికి పోయాడు. తీసుకునేవాడు తన ఇంట్లో తాను అన్నం తిన్నాడు.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. మన హాస్టల్ ఎవరి దానమూ కాదు. ఎస్సీ, ఎస్టీల చదువును ప్రత్యేక శ్రద్ధతో ముందుకు తీసుకుపోవాలని రాజ్యాంగం 46వ అధికరణంలో ప్రభుత్వానికి చెప్పింది. 2024లో తెలంగాణ ప్రభుత్వం 3 నుంచి 7వ తరగతి పిల్లల మెస్ ఛార్జీలను నెలకు 950 నుంచి 1330 రూపాయలకు పెంచింది. అది విద్యార్థులు, సంఘాలు అడగగా అడగగా వచ్చింది. బియ్యం, సబ్బులు, కాస్మొటిక్ ఛార్జీలు, బాత్‌రూం తలుపులు అడిగి తీసుకోవలసినవి. వాటికి వేలంపాటలు పెడితే, మీరే చూసుకోండని ప్రభుత్వం చేతులు దులుపుకుంటుంది.

కానీ ప్రభుత్వ లెక్కలో లేని అవసరాలు కొన్ని ఉంటాయి. ఎంట్రన్సు ఫారం ఫీజు, కౌన్సెలింగుకు పోవడానికి బస్సు ఛార్జీ, ఇంటర్వ్యూకు ఒక జత బట్టలు. వీటి దగ్గరే మనవాళ్లు చాలామంది ఆగిపోతారు. వీటికోసం వచ్చే వార్షికోత్సవంలో పూర్వ విద్యార్థులం ఒక పాట పెట్టుకుందాం. పాత గ్రూపు ఫోటోలు, చేతిరాత పత్రికలు, ట్రంకు పెట్టెలు, ఎవరి వస్తువు వాళ్లు తేవాలి. మన వంట మాస్టరు ఒప్పుకుంటే ఆయన చేతి పప్పుచారు భోజనం కూడా పాటకు పెట్టవచ్చు. హాస్టల్ గంటను మాత్రం ముట్టుకోవద్దు, అది స్టాక్ రిజిస్టరులో ఉంది! పాట తక్కువతో మొదలుకావాలి, నిన్నమొన్న ఉద్యోగంలో చేరిన తమ్ముడు కూడా చెయ్యి ఎత్తగలగాలి. జమా ఖర్చులు నోటీసు బోర్డు మీద పెట్టాలి. సాయం ఎవరికి అందిందో సార్‌కు, ఆ పిల్లవాడికి తప్ప మూడో మనిషికి తెలియకూడదు.

మా నాయన డప్పు మాత్రం ఎవరూ అడగొద్దు, అది పాటకు రాదు. దానికి బదులు, ఆ రోజు మౌన వేలంలో నేను ఇరవై రెండు డాలర్లకు గెలుచుకున్న బొచ్చు ఉండను పంపిస్తున్నాను. స్టార్ ట్రెక్‌లో దాన్ని ట్రిబుల్ అంటారు. తిండి పెడితే చాలు, పిల్లల మీద పిల్లలు పెడుతూ పోతుంది. మా అమ్మాయి టేబుల్ మీద ఉండేది, ఇవ్వడానికి ఒప్పుకుంది. కనీస పాట యాభై రూపాయలు.