పిల్లికూన పాలపండ్లు

ఇంటిలో పిల్లికూన యున్నచో నేదో యొక వస్తువునకు పంటిగాట్లు పడక మానవు. చాప యంచు, చెప్పుల పట్టీలు, పిల్లల పుస్తకముల మూలలు, గోడకు వ్రేలాడు ఫోను చార్జరు తీగ, వీనిలో దానికి భేదము లేదు. "రెండు దెబ్బలు తగిలినగాని దీనికి బుద్ధి రా"దని యొకరును, "తీగలకు కారము పూయు"డని మఱియొకరును సలహా చెప్పుదురు. ఈ రెండును నాకు సమ్మతములు గావు. కూన చేయునది దొంగతనము గాదు, పొగరు గాదు. దాని నోటిలో జరుగుచున్న పని యెట్టిదో తెలిసినచో మన కోపము సగము తగ్గును. చేయవలసిన పనియు దానంతట నదియే తోచును.

పిల్లికి పుట్టునప్పుడు పండ్లుండవు. కొన్ని వారములలో పాలపండ్లు మొలవ నారంభించి, రెండు మాసములు నిండునప్పటికి మొత్తము 26 వచ్చును. అవి సూదులవలె నుండును. మూడున్నర, నాలుగు మాసముల ప్రాయమున నవి యొక్కొక్కటిగ నూడి, వాని స్థానమున 30 గట్టి పండ్లు మొలచును. ఆఱు, ఏడు మాసములకు ఈ పని ముగియును. మన బిడ్డలకు ఆఱేడు సంవత్సరములు పట్టు మార్పు దానికి మూడు మాసములలోనే జరుగుచున్నది. చిగుళ్లు ఎఱ్ఱబడి సలుపుచున్నప్పుడు ఏదైన నొకటి నొక్కిపట్టిన హాయిగా నుండును గదా! కూన తీగను కొఱుకునప్పుడు గమనించి చూడుడు. ముందుపండ్లతో గాక, తల ప్రక్కకు వాల్చి, దవడ మూలను పెట్టి నమలును. నొప్పి యచ్చటనే యున్నది.

దీనికి వేటబుద్ధియు తోడగును. కదలునది, వ్రేలాడునది దానికి ఎలుకతోకవలె దోచును. మఱి తల్లిని వేళకు ముందే యెడబాసిన కూనలు కొన్ని దుప్పటి కొసలను పాలు గుడిచినట్లు చీకుచుండును. ఎనిమిది వారములైనను నిండక మునుపే కూనను తెచ్చుకొనరాదని చెప్పుటకు ఇదియు నొక కారణము.

ఇక దెబ్బల సంగతి. కొట్టిన కూనకు తీగమీద భయము కలుగదు, చేతిమీద కలుగును. ఆ చేయి వంటయింటిలో నున్నంతసేపును అది నిర్భయముగ తీగను నమలుచుండును. కారము పూసితిమా, అది పంజాకు అంటుకొనును. పంజాతో మొగము తుడుచుకొనుట పిల్లి స్వభావము గనుక కన్నులలో బడును. నీలగిరి తైలము, కర్పూరము, బీరువాలలో నుంచు కలరా ఉండలు వాసనకు పిల్లిని తఱుమునని కొందఱు వాడుదురు. ఇవి దాని యొడలికి విషములు. ఒంటి కంటినను నాకి కడుపులోనికి పంపుకొనును. వీని జోలికి పోవలదు.

అన్నిటికంటె ముందు చూడవలసినది విద్యుత్తు తీగలు. వాడని చార్జరును ప్లగ్గునుండి తీసి సొరుగులో బెట్టుట కష్టము గాదు. తీయ వీలులేని ఫ్రిజ్, టీవీ తీగలను గట్టి ప్లాస్టిక్కు గొట్టములో దూర్చి గోడ వెంబడి బిగింపించవలెను. ఒకవేళ కూన తీగను పట్టి బిగిసిపోయినచో, మొదట మీట ఆర్పి పిమ్మటనే దానిని ముట్టవలెను. లేచి తిరుగుచున్నను వైద్యునికి చూపక తప్పదు. నోటిలోని కాలిన గాయము పైకి కనబడకపోవచ్చును. ఊపిరితిత్తులలో నీరు చేరుట కొన్ని గంటల తరువాత గూడ జరుగును.

తీగలకు భయపడు మనము దారమును లెక్కసేయము. నా యెఱుకలో దారమే యెక్కువ కపటమైనది. క్రిందటి వేసవిలో మా చిట్టికి నాలుగవ మాసము. మా అత్తగారు సాయంకాలము వసారాలో గూర్చుండి మల్లెపూలు కట్టుచుండెడివారు. పూలు కట్టినచోట దారపు తునుకలు మిగులుట యే యింటనైన నున్నదే. ఒకనాటి రాత్రి చిట్టి యన్నము ముట్టక మూలకు జేరి, మాటిమాటికి మూతిని ముంగాలితో తుడుచుకొనుచు గుటకలు మ్రింగుచుండెను. పెదవి ప్రక్కను బెత్తెడు దారము వ్రేలాడుచుండెను. మా అమ్మాయి దానిని లాగబోగా నేను చేయి పట్టుకొని యాపితిని.

పిల్లి నాలుకమీది ముండ్లు లోపలి వైపునకు వంగియుండును. అందుచే నోటబడిన దారమును అది యుమియజాలదు, మ్రింగవలసినదే. ఒక కొన నాలుక మొదట చుట్టుకొని, రెండవ కొన ప్రేగులలోనికి దిగినచో, బొందు లాగిన పావడావలె ప్రేగు కుచ్చెళ్లుగా ముడుచుకొనిపోవును. బిగిసిన దారము కత్తివలె దానిని కోయును. నోటినుండి లాగినను, వెనుకనుండి వ్రేలాడుదానిని లాగినను ఆ కోతకు మనము తోడ్పడినట్లే యగును.

ఆ రాత్రియే పశువైద్యుని కడకు గొనిపోతిమి. ఆయన మత్తుమందిచ్చి నోరు తెఱచి చూడగా దారము నాలుక మొదట నొక చుట్టు చుట్టుకొని యుండెను. దానిని కత్తిరించి, ఎక్స్‌రే తీసి, సూది లేదని తేల్చుకొని, "రెండు మూడు దినములు కనిపెట్టియుండుడు. వాంతులైనను, తిండి మానినను వెంటనే తీసికొని రండు, కడుపు కోయవలసివచ్చు"నని చెప్పిరి. మూడవనాడు మిగిలిన దారము మలముతో బయటపడినది. అంతవఱకు మా యింట నెవ్వరికిని కంటికి నిద్ర లేదు.

అప్పుడు అత్తగారు, "దీనిని మా తమ్ముని తోటకు పంపివేయుదమమ్మా. అక్కడ దారములు లేవు, తీగలు లేవు. కళ్లయెదుట చంపుకొనుటకంటె నది నయము" అనిరి. కోపముతో ననలేదు, భయముతో ననిరి. అందుచేతనే బదులు చెప్పుట కష్టమయ్యెను. "తోటలో కుక్కలు, పాములు నున్నవి గదా అత్తయ్యగారూ! పండ్లు మారువఱకే గదా యీ బాధ. ఆ మూడు మాసములును వస్తువులనే సర్దుకొందము" అంటిని. ఆమె చాలసేపు మాటాడక, తుదకు మూత బిగువుగల స్టీలుడబ్బా యొకటి తెచ్చి దారపుండలు, సూదులు, దీపపు వత్తులు అన్నియు నందులో సర్దిరి. నాటినుండి పూలు కట్టుట తలుపు మూసిన గదిలోనే.

వస్తువులు దాచినంత మాత్రమున చాలదు, కొఱుకుటకు దాని కేదైన నీయవలెను. మేము దళసరి తువాలు ముక్కను అంచులు మడిచి కుట్టి, తడిపి పిండి, ముడివేసి అరగంట ఫ్రిజ్‌లో నుంచి యిచ్చుచుంటిమి. చల్లదనమునకు చిగుళ్లు హాయిపడును. పోగులు లేచినచో పాఱవేయవలెను. మనము చూచుచున్నంతసేపే యీయవలెను. వండిన యెముకలు మాత్రము పెట్టరాదు, అవి చీలి గొంతున గ్రుచ్చుకొనును. తీగ దగ్గఱకు పోయినప్పుడు కేకలు వేయక, తువాలు ముక్కను ముందు వేసి, తీగను తీసివేసిన చాలును. పదిసార్లు చేయవలసివచ్చును, ఓపిక పట్టవలెను.

ఉదయమున, సంధ్యవేళను దానికి వేట యావ హెచ్చు. ఆ రెండు వేళలను పుల్లకు గుడ్డపీలిక కట్టి పది నిమిషములు పరుగెత్తించి, వెంటనే తిండి పెట్టినచో ఒడలు నాకుకొని నిద్రించును. ఆట ముగియగనే ఆ పుల్లను సయితము దాచవలెను. పిల్లలు చేతివ్రేళ్లతో నాడింపకుండ చూచుట ముఖ్యము. పంటిగాటు పడి నెత్తురు చిమ్మినచో 15 నిమిషములు సబ్బుతో ధారగా కడిగి వైద్యునికి చూపవలెను. కూన పంటికి విషమేమున్నదని యూరకుండరాదు.

ఆఱవ మాసమున, ఇల్లూడ్చుచుండగా నూకగింజవంటి తెల్లని పన్నొకటి కనబడెను. అత్తగారు దానిని అరచేతిలో బెట్టుకొని, "ఇంత పంటికా యింత రభస!" అని నవ్విరి. తఱచుగా కూనలు ఊడిన పండ్లను మ్రింగివేయును, దానివలన హాని లేదు. ఏడు మాసములు దాటినను కొఱుకుట మానక, గుడ్డయో ప్లాస్టిక్కో మట్టియో తినుచున్నచో, అది పండ్ల వ్యవహారము గాదు. నెత్తురు తక్కువయో, కడుపులో పురుగులో, మఱేదియో యుండవచ్చును, చూపించుకొనవలెను. మా చిట్టికి ఇప్పుడు ఏడాది దాటినది. తీగలవంక చూడదు. పాత అట్టపెట్టె యొకటి దొరికిన మాత్రము నాడు దానికి పండుగయే.