పేరు నాదే... తప్పూ నాదే!

దీపావళికి ఇంకా నాలుగు రోజులుంది. పొద్దున్న ఆరున్నరకి ఫోన్ మోగింది. ఆత్రేయపురం అక్క.

'తమ్ముడూ, మన సైట్ రావట్లేదేంటి? అసలు అలాంటిదే లేదంటోంది ఫోన్లో!'

అక్క పూతరేకులు చేసి ఆన్‌లైన్లో అమ్ముతుంది. ఏడాది మొత్తం వచ్చే ఆర్డర్లు ఒకెత్తు, పండగ ముందు వారం ఒకెత్తు. నేను మంచం మీద నుంచే ఆవిడ సైట్ కొట్టాను. రాలేదు. ఇంకో కస్టమర్ ఫంక్షన్ హాల్ సైట్ చూశాను. అదీ రాలేదు. ట్యూషన్ సెంటర్‌ది మాత్రం వచ్చింది. హమ్మయ్య అనుకునేలోపు నా సొంత సైట్ తెరిచాను. నా బొమ్మ, నా లోగో ఉండాల్సిన చోట ఎవరివో ప్రకటనలు. పైన ఒక లైను... 'ఈ డొమైన్ గడువు ముగిసింది' అని.

నిద్ర మత్తు మొత్తం దిగిపోయింది.

జరిగిందేంటో తెలియాలంటే మూడేళ్లు వెనక్కెళ్లాలి.

అప్పుడు నేను డిగ్రీ అయిపోయి రావులపాలెంలో ఖాళీగా ఉన్నా. వెబ్‌సైట్లు చెయ్యడం యూట్యూబ్ చూసి నేర్చుకున్నా. చేసిన సైట్‌ని ఎక్కడో ఒకచోట పెట్టాలి కదా, దానికి రీసెల్లర్ హోస్టింగ్ అని ఒక దారి కనిపించింది. ఏం లేదు, పెద్ద కంపెనీ దగ్గర సర్వర్లో కొంత చోటు టోకుగా తీసుకుని, ముక్కలు చేసి మన కస్టమర్లకి అద్దెకివ్వడం. ఒక అపార్ట్‌మెంట్‌లో ఫ్లోర్ మొత్తం లీజుకి తీసుకుని గదులు అద్దెకిచ్చినట్టు. నా ప్లాన్‌లో ముప్పై గదులు. మొదటి ఏడాది చివరికి పదకొండు నిండాయి.

అంతా బాగానే ఉంది అనుకుంటుండగా ఒక కోచింగ్ సెంటర్ మాస్టారి అల్లుడుగారు దిగారు. ఆయన సాఫ్ట్‌వేర్. మావగారి డొమైన్ వివరాలు నెట్‌లో వెతికారు. నేమ్‌సర్వర్ల దగ్గర పై కంపెనీ పేరు స్పష్టంగా కనబడింది. 'మీరు మధ్యలో మనిషే కదండీ, మేం డైరెక్టుగా వాళ్ల దగ్గరే తీసుకుంటాం' అన్నారు. మర్యాదగానే అన్నారు. కానీ నాకు గుచ్చుకుంది. సైట్ పడిపోతే రాత్రి పదకొండుకి ఫోన్ ఎత్తేది నేను. పేరు మాత్రం వాళ్లది!

ఆ రోజే డిసైడ్ అయ్యా. నా పేరుతో నేమ్‌సర్వర్లు ఉండాల్సిందే అని.

ఇక్కడ నేమ్‌సర్వర్ అంటే ఏంటో చిన్నగా చెప్పేస్తా. కంప్యూటర్లకి పేర్లు తెలియవు, ఐపీ అడ్రస్ అనే అంకెలే తెలుసు. మనం పేరు టైప్ చేస్తే, ఆ పేరుకి అంకె ఏదో చెప్పేదే నేమ్‌సర్వర్. ఒకప్పుడు నెట్‌వర్క్‌లో ఉన్న కంప్యూటర్లన్నిటి పేర్లూ ఒకే ఫైల్లో రాసి అందరికీ పంచేవారు. జాబితా పెరిగిపోతుంటే 1983లో పాల్ మోకాపెట్రిస్ అనే ఆయన డీఎన్ఎస్ పద్ధతి తయారుచేశారు. ఒకే పుస్తకం బదులు, ఎవరి పేర్ల లెక్క వాళ్లే చూసుకునే ఏర్పాటు. మీరు ఇప్పుడు ఇది చదవడానికి వేలు పెట్టి నొక్కినప్పుడు కూడా వెనకాల ఈ విచారణ జరిగే ఉంటుంది.

నేను చెయ్యాల్సింది వినడానికి చిన్న పనే. నా డొమైన్ పేరు ముందు ఎన్ఎస్1, ఎన్ఎస్2 అని తగిలించి రెండు పేర్లు పెట్టుకోవాలి. వాటిని పై కంపెనీ ఇచ్చిన రెండు ఐపీలకి కట్టాలి. కస్టమర్ల డొమైన్లన్నీ ఆ రెండు పేర్లకి మళ్లించాలి. డబ్ల్యూహెచ్ఎం ప్యానెల్లో రెండు పేర్లూ రాశా. జోన్‌లో ఏ రికార్డులు పెట్టా. నా డొమైన్‌కి నేమ్‌సర్వర్లుగా ఆ రెండు పేర్లే ఇవ్వబోతే రిజిస్ట్రార్ సైట్ ఒప్పుకోలేదు. అలాంటి నేమ్‌సర్వర్ లేదంటుంది. ఉంది కదరా బాబూ, ఇప్పుడే కదా పెట్టాను!

రెండు రాత్రులు పట్టింది విషయం అర్థం కావడానికి. మీరు ఒక పెళ్లి కార్డు అందుకున్నారనుకోండి. అందులో 'కల్యాణ మండపం అడ్రస్ కల్యాణ మండపంలో అడిగి తెలుసుకోగలరు' అని ఉంటే? నేను చేసింది అచ్చంగా అదే. నా డొమైన్ ఎక్కడుందో తెలియాలంటే ఎన్ఎస్1ని అడగాలి. ఎన్ఎస్1 ఎక్కడుందో తెలియాలంటే నా డొమైన్‌ని అడగాలి. చెట్టు ముందా విత్తు ముందా!

ఈ ముడి విప్పేదే గ్లూ రికార్డ్. డాట్ కామ్ మొత్తానికి చిట్టా ఉంచే రిజిస్ట్రీ దగ్గరే 'ఎన్ఎస్1 అంటే ఫలానా ఐపీ' అని ముందుగా రాయించి పెట్టాలి. ఆ పని రిజిస్ట్రార్ అకౌంట్‌లోనే చెయ్యాలి. ఒకరు దాన్ని చైల్డ్ నేమ్‌సర్వర్స్ అంటారు, ఇంకొకరు ప్రైవేట్ నేమ్‌సర్వర్స్ అంటారు, మరొకరు హోస్ట్ నేమ్స్ అంటారు. ఏ మూలో ఉంటుంది ఆ ఆప్షన్. అది నింపాక, డొమైన్ నేమ్‌సర్వర్లు మార్చా. ఈసారి ఒప్పుకుంది.

మర్నాడు నా డొమైన్ వెతికితే ఎన్ఎస్1 పక్కన నా పేరు. దాన్ని స్క్రీన్‌షాట్ తీసి స్టేటస్ పెట్టుకున్నా. చూసినవాళ్లలో ఒక్కడికీ అర్థం కాలేదనుకోండి, అది వేరే విషయం. నిజానికి ఇదేం పూర్తి ముసుగు కాదు, ఐపీ ఎవరిదో వెతికితే పై కంపెనీ పేరు ఎలాగూ బయటపడుతుంది. అయినా నాకది బోర్డు మీద పేరు రాయించుకున్నంత ఆనందం.

లాభం కూడా కనిపించింది. ఏడాదిన్నరకి పై కంపెనీ సర్వర్ మరీ నత్తనడక అయిపోయి, వేరే చోటికి మారాల్సి వచ్చింది. అప్పటికి పదిహేడు మంది కస్టమర్లు. పాత పద్ధతైతే పదిహేడు మందికీ ఫోన్ చేసి, వాళ్లు మర్చిపోయిన పాస్‌వర్డులు వెతికించి, నేమ్‌సర్వర్లు మార్పించాలి. ఇప్పుడు? ఫైళ్లన్నీ కొత్త సర్వర్‌కి తెచ్చుకుని, ఎన్ఎస్1, ఎన్ఎస్2 ఐపీలు రిజిస్ట్రార్ దగ్గరా, జోన్‌లోనూ మార్చా. పాత సర్వర్‌ని ఇంకో వారం ఉంచా. అంతే. ఒక్క కస్టమర్‌కి కూడా మేం ఇల్లు మారామని తెలియలేదు.

కానీ ఒకటి నాకు తట్టలేదు. పదిహేడు సైట్లూ ఇప్పుడు ఒక్క తాడుకి వేలాడుతున్నాయి. ఆ తాడు నా డొమైన్!

దీపావళి ముందు ఆ తాడే తెగింది. ఆటో రెన్యూ ఆన్‌లోనే ఉంది, కానీ అందులో ఇచ్చిన డెబిట్ కార్డు గడువు ఎప్పుడో అయిపోయింది. గుర్తుచేస్తూ వచ్చిన మెయిల్సన్నీ నేను తెరవడం మానేసిన కాలేజీ నాటి మెయిల్‌కి పోయాయి. గడువు దాటాక రిజిస్ట్రార్ నా నేమ్‌సర్వర్లు తీసేసి వాళ్ల ప్రకటనల పేజీకి మళ్లించారు. దాంతో ఎన్ఎస్1 అనే పేరుకి అర్థమే మారిపోయింది. డాట్ ఇన్ డొమైన్ ఉన్న అక్క సైట్ ముందే పోయింది. కొన్ని డాట్ కామ్ సైట్లు పాత గ్లూ పుణ్యమాని ఇంకా కొట్టుమిట్టాడుతున్నాయి.

అక్క మళ్లీ ఫోన్ చేసింది. 'ఏమైంది తమ్ముడూ?'

'పై కంపెనీ వాళ్ల సర్వర్ ప్రాబ్లమ్ అక్కా. వాళ్లతో మాట్లాడుతున్నా' అన్నాను.

అబద్ధం. నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చేసిందో!

ఐదు నిమిషాల్లో డబ్బు కట్టేశా. డొమైన్ తిరిగొచ్చింది. ఇంక అయిపోయింది అనుకున్నా. అవలేదు. డాట్ కామ్ చిట్టాలో నేమ్‌సర్వర్ సమాచారానికి ఉండే టీటీఎల్, అంటే ఒకసారి తెలుసుకున్న జవాబుని ఎంతసేపు గుర్తుంచుకోవచ్చనే గడువు, 1,72,800 సెకన్లు. లెక్కేయండి. సరిగ్గా 48 గంటలు. ఆ మధ్యలో తప్పు జవాబు విన్నవాళ్లు రెండు రోజుల దాకా ఆ తప్పునే పట్టుకుని ఉండొచ్చు. ఒక సిమ్‌లో సైట్ వస్తుంది, ఇంకో సిమ్‌లో రాదు. నా గదిలో వస్తుంది, అక్క ఇంట్లో రాదు. నేను చెయ్యగలిగింది ఏమీ లేదు, ఎదురుచూడ్డం తప్ప.

పెద్ద పెద్దవాళ్లకే తప్పలేదులే అని నాకు నేను సర్దిచెప్పుకున్నా. 2021 అక్టోబర్ 4న ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ ఆరు గంటల దాకా ఆగిపోయాయి, గుర్తుందా? వాళ్ల సొంత నేమ్‌సర్వర్లకి దారి మూసుకుపోవడం కూడా అందులో ఒక భాగమే. కానీ వాళ్ల తప్పు వాళ్లు ఒప్పుకుని బయటికి చెప్పారు. నేను?

రెండో రోజు సాయంత్రం బండేసుకుని ఆత్రేయపురం వెళ్లా. అక్క పొయ్యి దగ్గరుంది. బోర్లించిన కుండ మీద పిండిలో ముంచిన గుడ్డ అలా పరిచి ఇలా తీస్తోంది. కాగితం కంటే పల్చటి రేకు లేస్తోంది. అరుగు మీద కూర్చుని అంతా చెప్పేశా. కంపెనీది కాదక్కా, డొమైన్ రెన్యూ చెయ్యడం నేనే మర్చిపోయా అని.

అక్క చెయ్యి ఆపలేదు. 'మరి కంపెనీ అన్నావేంటి?'

నా దగ్గర సమాధానం లేదు.

'రేకు మాడితే కుండది తప్పని కొనేవాళ్లతో చెప్తామా మేము? వాళ్లకి కుండ తెలీదు, నేను తెలుసు' అంది. 'నీ పేరు పెట్టుకున్నావని ఆరోజు తెగ సంబరపడ్డావుగా తమ్ముడూ.'

తిట్టినా బాగుండేది.

ఆ రాత్రి పదిహేడు మందికీ విడివిడిగా మెసేజ్ పెట్టా. తప్పు నాదే, ఈ ఏడాది హోస్టింగ్‌లో రెండు నెలలు ఉచితం అని. ఇద్దరు వెళ్లిపోయారు. వెళ్లడం న్యాయమే. పదిహేను మంది ఉండిపోయారు.

మీలో ఎవరైనా ఇదే దారిలో ఉంటే నా ఖర్చుతో నేర్చుకున్నవి ఇవీ:

నేమ్‌సర్వర్లు పెట్టే డొమైన్‌ని ఏడాదికి కాదు, ఎక్కువ ఏళ్లకి కట్టేయండి. డాట్ కామ్‌కి పదేళ్ల దాకా వీలుంది.

రిజిస్ట్రార్ అకౌంట్‌కి రోజూ చూసే మెయిల్ ఇవ్వండి. అది కూడా అదే డొమైన్ మీద ఉన్న మెయిల్ కాకూడదు. డొమైన్ పోతే హెచ్చరిక వచ్చే దారి కూడా పోతుంది.

గ్లూ రికార్డులో ఉన్న ఐపీ, జోన్‌లో ఉన్న ఐపీ ఒకటేనా కాదా అని అప్పుడప్పుడూ సరిచూడండి.

రెండు నేమ్‌సర్వర్లు అంటే రెండు పేర్లు మాత్రమే కాదు. రెండూ ఒకే మెషీన్‌లో ఉంటే, అది ఆగిన రోజు రెండూ ఆగుతాయి. వీలైతే రెండోది వేరే చోట పెట్టండి.

సర్వర్ మారే ముందు మీ జోన్‌లో టీటీఎల్ తగ్గించుకోండి. పాత సర్వర్‌ని వెంటనే మూసేయకండి.

నేనిప్పుడు నా డొమైన్‌ని పదేళ్లకి కట్టేశా. అయినా గడువు తేదీ ఒక కాగితం మీద రాసి గోడకి అంటించా. అమ్మ చూసి 'ఎవరి పెళ్లిరా?' అంది.

అక్క మొన్న సంక్రాంతికి సైట్లో బెల్లం పూతరేకులకి కొత్త పేజీ పెట్టమంది. పెట్టా. మొదటి ఆర్డర్ నేనే ఇచ్చా, డబ్బులు కట్టి మరీ.